జరం, దగ్గు, దోమలు: నర్సమ్మను, ఆశమ్మను జనం అడిగే ప్రశ్నలు

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల పల్లెల్లో, తండాల్లో తిరిగేటప్పుడు అరుగుల మీద, బస్టాండులో, టీకాల రోజు అంగన్‌వాడీ దగ్గర మేము మళ్లీ మళ్లీ వినే ప్రశ్నలివి. వైద్యం సంగతులు అందరు డాక్టర్లూ చెప్పేవే. చెప్పే తీరు మాత్రం ఫీల్డులో పనిచేసే ఏఎన్ఎంలది, ఆశాలది. కొన్ని ప్రశ్నలు కోపంతో అడిగినవి, వాటిని అలాగే ఉంచాం. ఇది చదివి డాక్టరు దగ్గరికి పోవడం మానేయకండి.

ఇంట్లో ఒక్కరికి జరం వస్తే ఇంతమంది వచ్చి ఇన్ని ప్రశ్నలు అడుగుతారెందుకు?

ఆ ఒక్కరి జరం కోసమే అయితే డాక్టరు చాలు, మేము రానక్కర్లేదు. ఆ గల్లీలో ఇంకెవరికి ఉంది, ఎన్ని రోజుల నుంచి ఉంది, వాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారు, ఈ మధ్య ఎక్కడికి పోయి వచ్చారు అన్నదే మాకు ముఖ్యం. ఒక ఊళ్లో నాలుగు మూలలా నలుగురికి జరం వస్తే అది మామూలు సంగతి కావచ్చు. ఒకే వరుసలో మూడిళ్లలో అదే వారం వస్తే కాదు. ఈ తేడా దవాఖానలో కూర్చున్న డాక్టరుకు కనపడదు, ఎందుకంటే ఆ ముగ్గురిలో ఒకరు జిల్లా కేంద్రంలో ప్రైవేటుకు పోతారు, ఒకరు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, మూడో మనిషి ఇంట్లోనే దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ముగ్గురి పేర్లూ ఒకే కాగితం మీదికి వచ్చేది మేము ఇల్లిల్లూ తిరిగినప్పుడే.

అలా రాసుకున్నది మా దగ్గరే ఉండిపోదు. లక్షణాలను బట్టి మేము నమోదు చేస్తాం, పీహెచ్‌సీ డాక్టరు తాను అనుమానించిన జబ్బులను నమోదు చేస్తారు, ల్యాబువాళ్లు తేలిన ఫలితాలు పంపుతారు. దేశంలో ఈ నిఘా పద్ధతి 2004లో మొదలైంది. అప్పట్లో కాగితాల మీద వారానికోసారి పోయేది, ఇప్పుడు ఫోన్లో ఏ రోజుది ఆ రోజే ఎక్కుతుంది. జిల్లా ఆఫీసులో ఎవరో మీ ఊరి పేరు పక్కన అంకె పెరగడం చూసి స్ప్రే టీమును పంపుతారు.

అందుకే మొదటి రోజే చెప్పమని బతిమాలుతాం. డెంగీ మనిషిని కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించదు. వైరస్ దాని ఒంట్లో పెరగడానికి వారం పైనే, దాదాపు 8 నుంచి 12 రోజులు పడుతుంది. మాకు దొరికే టైము అదే. మీరు ఆరో రోజు చెప్తే అందులో సగం పోయినట్టే.

మా గోలెం మూత తీసి చూడటానికి మీరెవరు?

ఈ మాట అన్నవాళ్లు చాలామందే ఉన్నారు, మాకు కోపం లేదు. మన దగ్గర నీళ్లు నిల్వ చేసుకోవడం అలవాటు కాదు, అవసరం. కరువు చూసిన పాలమూరు ఇంట్లో డ్రమ్ము, గోలెం, సిమెంటు తొట్టి లేకుండా ఎవరూ ఉండరు. మిషన్ భగీరథ నల్లా వచ్చినా నీళ్లు ఎప్పుడు ఆగుతాయోనని నింపి పెట్టుకుంటారు. డెంగీ దోమకు కావాల్సింది సరిగ్గా ఆ మంచి నీళ్లే. అది మురికి కాల్వలో గుడ్లు పెట్టదు, తొట్టి గోడకు నీటి అంచున పెడుతుంది. నీళ్లు ఒంపేసి తొట్టిని ఎండబెట్టినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు పడగానే పొదుగుతాయి. కాబట్టి ఒంపేయడం ఒక్కటే చాలదు, గోడను పీచుతో రుద్ది కడగాలి.

గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి డ్రై డే (తొట్లన్నీ ఖాళీ చేసి, కడిగి ఎండబెట్టే రోజు) అని మేము పట్టుబట్టేది ఈ లెక్క మీదే. శుక్రవారం కుదరకపోతే ఇంకో రోజు పెట్టుకోండి, వారం మాత్రం దాటనివ్వద్దు. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పంక్చర్ షాపు ముందరి టైర్లు, కోళ్లకు నీళ్లు పెట్టే చిప్ప, బోనాల తర్వాత మూలన పడేసిన కుండ, ఇవన్నీ చూస్తాం. ఖాళీ చేయలేని పెద్ద తొట్టిలో లార్వాలను చంపే మందు వేస్తాం, బావుల్లో, కుంటల్లో గంబూసియా చేపలు వదులుతారు.

పొగ మిషను తిప్పితే అయిపోదా?

కాదు. పొగ ఎగిరే దోమలను చంపుతుంది, అది కూడా ఆ కాసేపే. నీళ్లలో ఉన్నవి మర్నాడు ఎగురుతాయి. మిషను చప్పుడుకు ఊరంతా బయటికి వస్తుంది, సర్పంచుకు పేరొస్తుంది, ఫోటోలు కూడా బాగా వస్తాయి. మీ ఇంటి తొట్టి కడగడానికి అది బదులు కాదు. పైగా పొగ వస్తుందని కిటికీలు మూసేసుకుంటే లోపలి దోమ లోపలే ఉంటుంది. డెంగీ దోమ ఎక్కువగా ఉండేది ఇంట్లోనే, కుట్టేది పగలు.

కార్డు టెస్టులో డెంగీ అని వచ్చింది. మళ్లీ రక్తం ఎందుకు తీస్తారు?

కార్డు టెస్టు తొందరగా చెప్తుంది, కానీ పొరపాటు పడుతుంది. ప్రభుత్వం లెక్కలోకి తీసుకునేది ల్యాబులో చేసే ఎలైజా పరీక్షను. జరం మొదలైన మొదటి 5 రోజుల్లో వైరస్‌నే పట్టే ఎన్‌ఎస్1, ఆ తర్వాత వైరస్ మీద ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను పట్టే ఐజీఎం చూడాలి. రెండో రోజే ఐజీఎం చేయించి "ఏం లేదట" అని నిమ్మళంగా ఉంటే లాభం లేదు. జరం ఏ తేదీన మొదలైందో గుర్తు పెట్టుకోమనేది ఇందుకే. చాలామంది "మొన్నటి నుంచి" అంటారు. ఏ రోజు నుంచో సరిగ్గా చెప్తే ఏ పరీక్ష చేయాలో తెలుస్తుంది.

ప్లేట్‌లెట్లు 60,000కు పడిపోయాయి. పెద్ద దవాఖానకు పోవాలా?

ప్లేట్‌లెట్ల అంకె చూసి ఊళ్లో పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. భూమి కుదవబెట్టి మరీ హైదరాబాద్ పోయినవాళ్లు ఉన్నారు. మామూలుగా ఉండాల్సింది 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు. డెంగీలో తగ్గడం సహజం, మళ్లీ వాటంతట అవే పెరుగుతాయి. రక్తం కారకుండా ఉంటే 10,000 కంటే తగ్గేదాకా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు.

అంకె కంటే మనిషిని చూడండి. కడుపులో ఆగకుండా నొప్పి, వాంతులు తగ్గకపోవడం, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, పిల్లలైతే మత్తుగా పడి ఉండటం, ఆరు గంటలైనా మూత్రం పోయకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనపడినా ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రమాదం ఎక్కువ ఉండేది జరం మండేటప్పుడు కాదు, అది దిగేటప్పుడు, దాదాపు 3వ రోజు నుంచి 7వ రోజు మధ్య. "జరం తగ్గింది కదా అని పొలం పోయిండు" అన్న మాట వింటే మాకు గుండె ఝల్లుమంటుంది.

బొప్పాయి ఆకు రసం తాగొచ్చా?

తాగితే తాగండి, దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోవద్దు. వాంతులు చేసుకుంటున్న మనిషికి ఆ చేదు పోస్తే ఇంకా కక్కుకుంటాడు. కావాల్సింది నీళ్లు, ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు.

ఆర్‌ఎంపీ సూది వేస్తే రాత్రికే జరం తగ్గింది. మీ గోలీలతో మూడు రోజులు పట్టింది. ఏది మంచిది?

ఆర్‌ఎంపీని తిట్టడం మాకు ఇష్టం లేదు. రాత్రి పదింటికి ఊళ్లో తలుపు తట్టడానికి ఉన్న మనిషి ఆయనే, డబ్బులు తర్వాత ఇవ్వొచ్చు. కానీ ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డైక్లోఫెనాక్. జరం, ఒళ్లునొప్పులు చిటికెలో దిగుతాయి. అది డెంగీ అయితే అదే మందు రక్తస్రావాన్ని పెంచుతుంది. డెంగీ అనుమానం ఉన్నంతవరకు పారాసెటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు.

ఇంకో సంగతి. ప్రతి జరానికీ విడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని రాసివ్వడం మన దగ్గర బాగా అలవాటైంది. ఆ పరీక్ష ఎప్పుడో వచ్చి పోయిన జబ్బుకు కూడా పాజిటివ్ చూపిస్తుంది. టైఫాయిడ్‌ను నిక్కచ్చిగా తేల్చేది రక్తం కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూడటం. సంవత్సరానికి మూడుసార్లు టైఫాయిడ్ వచ్చిందని చెప్పేవాళ్లను చూస్తే, ఎన్ని యాంటీబయాటిక్‌లు ఉత్తగా మింగారో అనిపిస్తుంది. అలా మింగుతూ పోతే రేపు అవసరమైనప్పుడు ఆ మందులు పనిచేయవు. పీహెచ్‌సీలో తీసిన రక్తం జిల్లాలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌కు పోతుంది, ఫీజు లేదు, రిపోర్టు ఫోనుకు వస్తుంది.

మంచి ఆర్‌ఎంపీలు కూడా ఉన్నారు. "ఈ జరం నాకు అనుమానంగా ఉంది, సిస్టర్, ఒకసారి రా" అని పిలిచేవాళ్లు మాకు పెద్ద సాయం.

రెండు వారాలుగా దగ్గు. టీబీ పరీక్ష అంటే భయమేస్తుంది.

భయం దగ్గు గురించి కాదని మాకు తెలుసు. "బిడ్డ పెళ్లి కుదిరింది, అమ్మా, ఈ మాట గడప దాటనియ్యకు" అని చేతులు పట్టుకున్న తల్లులు ఉన్నారు. అందుకే కొందరు ఆశాలు టీబీ గోలీలు కూరగాయల సంచిలో పెట్టుకుని పోతారు.

పరీక్ష తేలికే. తెమడ రెండుసార్లు ఇవ్వాలి, ఒకటి అప్పటికప్పుడు, ఇంకొకటి పొద్దున లేవగానే, పళ్లు తోముకోక ముందు. ఉమ్ము కాదు, లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ. ట్రూనాట్, సీబీనాట్ మిషన్ల మీద టీబీ ఉందా లేదా అన్నదే కాదు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందా లేదా కూడా తెలుస్తుంది.

మామూలు టీబీకి మందు 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాతి 4 నెలలు మూడు రకాలు, బరువును బట్టి రోజూ. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రక్తం కాదు, మందు రంగు. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే మనిషి మొదటి వారంలోనే మానేస్తాడు. కళ్లు పచ్చబడ్డా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం వెంటనే చెప్పాలి. తిండికి నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. 2018లో మొదలైనప్పుడు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి పెంచారు. బ్యాంకు ఖాతా వివరాలు తప్పుగా ఉంటే డబ్బులు ఆగిపోతాయి, జనం మాత్రం మా మీద అనుమానపడతారు.

అసలు కష్టం రెండో నెల తర్వాత వస్తుంది. దగ్గు పోతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు పట్టుకుంటుంది. అప్పుడు గోలీలు మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగనివిగా మారేది ఇలాగే. ఆ తర్వాత ఇంకా గట్టి మందులు, ఇంకా గట్టి బాధలు. తాగుడు అలవాటు ఉన్నవాళ్లతో ఇంకా కష్టం, కల్లు మానమంటే గోలీలే మానేస్తారు. అలాంటి వాళ్లకు మేము చెప్పేది ముందు గోలీ వేసుకో, మిగతా గొడవ తర్వాత చూద్దామని.

దసరా కాగానే వలస పోవాలి. మందులు మధ్యలో ఆపాల్సిందేనా?

నారాయణపేట, కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు నుంచి ముంబయి, పుణెలకు పోయేవాళ్లు, దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్‌కు పోయేవాళ్లు మా దగ్గర ఎప్పుడూ ఉంటారు. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చాక పోకుండా ఉండలేరని మాకు తెలుసు. వద్దని అంటే చెప్పకుండా పోతారు. కాబట్టి మేము అడిగేది ఒక్కటే, పోయే ముందు చెప్పండి. మీ పేరు నిక్షయ్‌లో (టీబీ రోగుల వివరాలు ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) ఒక నంబరుతో ఉంటుంది. ఆ నంబరు చూపిస్తే దేశంలో ఎక్కడి సర్కారు దవాఖానలోనైనా మందులు ఇస్తారు, ఇక్కడి నుంచి అక్కడికి పేరు బదిలీ చేస్తాం. ప్రయాణానికి, మొదటి రోజులకు సరిపడా గోలీలు ముందే ఇస్తాం. భివండీలో ఏ దవాఖానో తెలియకపోతే 1800-11-6666 నంబరుకు ఫోన్ చేయండి, పైసలు పడవు.

వలస పోయేవాళ్ల పిల్లల టీకా కార్డు కూడా మూటలో పెట్టుకోవాలి. ఇటుక బట్టీల దగ్గర పుట్టి, ఒక్క టీకా లేకుండా ఏడాది తర్వాత ఊరికి వచ్చే పిల్లలు మాకు ప్రతి ఎండాకాలం కనిపిస్తారు.

ఇంట్లో ఒకరికి టీబీ ఉంది. కంచం, గ్లాసు వేరు పెట్టాలా?

అక్కర్లేదు. టీబీ గాలి ద్వారా వస్తుంది, కంచం ద్వారా కాదు. సరిగ్గా మందు వేసుకుంటే చాలామందిలో రెండు వారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ రోజుల్లో నోటికి గుడ్డ కట్టుకోవాలి, తలుపులు కిటికీలు తెరిచి పడుకోవాలి, బూడిదో మన్నో పోసిన డబ్బాలో ఉమ్మి పూడ్చిపెట్టాలి. ఇంట్లో మిగతావాళ్లను, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలను పరీక్షించి, జబ్బు లేదని తేలాక రాకుండా మందు ఇస్తారు. "జబ్బు లేని పిల్లకు మందెందుకు" అని చాలామంది ఈ గోలీలను చెత్తలో పడేస్తారు. పిల్ల బరువు పెరగకపోతే అప్పుడు వస్తారు.

బోదకాలు పరీక్షకు రాత్రి తొమ్మిదింటికి రావడమేంది? పగలు రాకూడదా?

ఈ క్రిమి పిల్లలు మనిషి ఒంట్లో పగలంతా లోపలి రక్తనాళాల్లో దాక్కుంటాయి, రాత్రి పైరక్తంలోకి వస్తాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రే. అందుకే రాత్రి 8:30 దాటాక వేలి చివర సూదితో గుచ్చి రక్తపు చుక్క తీస్తాం. టార్చిలైటు పట్టుకుని, కుక్కలను అదిలించుకుంటూ, నిద్రపోతున్న మనిషిని లేపి రక్తం అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది. మేము కూడా ఇల్లు వదిలే వచ్చాం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ పాత ఫైలేరియా (బోదకాలు) ప్రాంతాలే. కాలు వాచిన మనిషే రోగి అనుకుంటారు. కాలు వాచకుండా, ఏ బాధా లేకుండా, రక్తంలో క్రిమి పిల్లలతో ఏళ్ల తరబడి తిరిగే మనిషి నుంచే అది పక్కింటికి పోతుంది. కాబట్టి ఏడాదికోసారి ఊరందరికీ డీఈసీ, ఆల్బెండజోల్ గోలీలు ఇస్తారు. డీఈసీ 2 నుంచి 5 ఏళ్లవారికి ఒకటి, 6 నుంచి 14 ఏళ్లవారికి రెండు, 15 దాటినవారికి మూడు. ఆల్బెండజోల్ అందరికీ ఒకటే. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోవద్దు. ఖాళీ కడుపుతో అసలే వద్దు.

మా ముందే మింగమని పట్టుబట్టేది మీ మీద నమ్మకం లేక కాదు. సరే, కొంచెం లేకే. ఇంటికి ఇచ్చిన గోలీలు మరుసటి ఏడాది అదే గూట్లో కనపడతాయి.

ఆ గోలీలు వేసుకుంటే మా వాడికి జరం, తల తిప్పడం వచ్చాయి. మందు పాడైందా?

మందు పనిచేసిందని అర్థం. రక్తంలో క్రిములు చనిపోతున్నప్పుడు అలా అవుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఆ బాధ ఎక్కువగా కనపడిన మనిషిలో క్రిములు ఎక్కువ ఉండి ఉంటాయి. స్కూల్లో ఒక పిల్లకు వాంతి అయితే టీవీలో వచ్చేది "గోలీలు వికటించి" అన్న మాట, దాంతో మరో రెండేళ్లు ఆ ఊళ్లో ఎవరూ గోలీ ముట్టరు.

కాలు ఇప్పటికే వాచినవాళ్లకు గోలీతో వాపు దిగదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తు మీద పెట్టుకుంటే జరం, ఎర్రబడటం రావడం తగ్గుతుంది. బోదకాలు పింఛను సంగతి గ్రామ పంచాయతీలో అడగండి. వరిబీజానికి ఆపరేషన్ ఉంది, సిగ్గుపడి దాచుకోవద్దు.

ఫ్లోరైడ్ జబ్బు అంటుకుంటుందా?

అంటుకోదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన కాళ్లు, నడుములు చూసిన బయటివాళ్లు ఇప్పటికీ అడుగుతారు. అది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగొద్దు. ఆ ఊళ్లతో పెళ్లి సంబంధం వద్దనడం అన్యాయం.

ఊళ్లో పదిమందికి వాంతులు, విరేచనాలు. ముందు ఏం చేయాలి?

ముందు తాగించాలి, తర్వాత వెతకాలి. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం తప్పు, ఉప్పు ఎక్కువై పిల్లకు ఇంకా ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఆర్నెల్లు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు 14 రోజులు. విరేచనాలు రెండో రోజే ఆగినా 14 రోజులూ ఇవ్వాలి. చనుబాలు, అన్నం ఆపొద్దు. "కడుపుకు విశ్రాంతి" అని పస్తు పెట్టే పెద్దమ్మలతో మాకు రోజూ వాదనే.

తర్వాత నీళ్లు. పైపు పగిలి మురికి కాల్వలోంచి పోతుందా, ట్యాంకు ఎప్పుడు కడిగారు, ఎవరైనా పాత బావి నీళ్లు తాగారా అని చూస్తాం. నల్లా చివరి ఇంట్లో క్లోరిన్ పరీక్ష చేస్తాం. పరీక్ష మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు రావాలి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగు రాకపోతే వాటర్‌మ్యాన్‌ను పిలిపిస్తాం. ఆయన "పొద్దున్నే వేసిన" అంటాడు, బ్లీచింగ్ పౌడర్ డబ్బా మూత తీసి ఉంటుంది. మూత తీసి పెట్టిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోతుంది, ఎంత వేసినా సున్నమే.

కురుమూర్తి, చెర్వుగట్టు, సలేశ్వరం జాతరలప్పుడు మా క్యాంపుల్లో ఎక్కువ ఖర్చయ్యేది ఓఆర్‌ఎస్. జాతరకు పోయేటప్పుడు నీళ్ల బాటిల్ ఇంటి నుంచే తీసుకుపోండి.

పిల్లకు పోచమ్మ పోసింది. దవాఖానకు తీసుకుపోతే తల్లికి కోపం వస్తుందంటారు?

వేపాకు పెట్టండి, తల్లికి మొక్కుకోండి, మేము అడ్డుచెప్పం. మమ్మల్ని మాత్రం ఇంట్లోకి రానివ్వండి. పూర్వం ఈ పేరుతో భయపడిన మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయింది, 1980లో ఆ ప్రకటన వచ్చింది. ఇప్పుడు వచ్చేది ఆటలమ్మ లేదా తట్టు. రెంటిలో భయపడాల్సింది తట్టుకే. జరం, దగ్గు, ఎర్రటి కళ్లు, తర్వాత ముఖం నుంచి కిందికి దద్దు. నిమోనియా రావచ్చు, చూపు పోవచ్చు. విటమిన్ ఎ వరుసగా రెండు రోజులు ఇస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఒంటి మీద దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల దాకా అంటుకుంటుంది, కాబట్టి చూడటానికి వచ్చే చుట్టాల పిల్లలను దూరం పెట్టండి.

పథ్యం పేరుతో తట్టు పిల్లకు ఉత్త గంజి పోయడం మాత్రం ఒప్పుకోం.

టీకా వేస్తే జరం వస్తుంది. ఏ జరం లేని పిల్లకు ఎందుకు తెప్పించడం?

ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు వేసే పెంటావాలెంట్ ఐదు జబ్బులను ఆపుతుంది. అందులో కోరింత దగ్గు భాగం వల్ల ఒకటి రెండు రోజులు జరం, తొడ దగ్గర గట్టిపడటం సహజం. పారాసెటమాల్ చుక్కలు బరువును బట్టి మేమే చెప్తాం. వేసిన చోట రుద్దొద్దు, పసుపు, ఐస్ పెట్టొద్దు. ఒక డోసు తప్పితే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచి వేస్తాం. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఆ సీసా తెరిచాక 4 గంటలే పనికొస్తుంది, అందుకే మధ్యాహ్నం మూడింటికి తీరిగ్గా వస్తే మళ్లీ రమ్మంటాం. టీకా రోజు పొద్దున్నే రండి.

దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో. అప్పట్లో ఆదివారాలు బస్టాండులో చుక్కలు వేసిన ఆశాలను పట్టుకుని "పిల్లలు పుట్టకుండా మందట" అన్నవాళ్లు కూడా ఉన్నారు.

కుక్క గీరింది, రక్తం రాలేదు. సూది కావాలా?

చర్మం గీసుకుపోతే కావాలి. ముందు నల్లా కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు వద్దు. చర్మంలోకి వేసే సూది 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో రెండు చేతులకు. రక్తం వచ్చిన కాటుకు గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అక్కడే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేయాలి, దానికి పెద్ద దవాఖానకు పంపుతాం. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు లేదు. మా పనిలో ఇంత ఖచ్చితంగా చెప్పగలిగే మాట ఇంకోటి లేదు.

మా జబ్బు సంగతి ఊళ్లో చెప్తారా?

చెప్పకూడదు. హెచ్ఐవీ విషయంలో అయితే 2017 చట్టమే ఉంది, మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టడం చట్టానికి విరుద్ధం. కానీ ఊరు చిన్నది. ఏఎన్ఎం బండి ఏ ఇంటి ముందు ఎంతసేపు ఆగిందో అందరూ చూస్తారు. అందుకని మేము ఒక్కోసారి పక్కిళ్లకు కూడా పోయి బీపీ చూసి వస్తాం, ఎవరి కోసం వచ్చామో తెలియకుండా.

కరోనా తర్వాత మీ పనిలో ఏం మారింది?

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న తేలింది. ఆ నెలాఖరు నుంచి ముంబయి, పుణెల నుంచి మనవాళ్లు ఏది దొరికితే దానిమీద, దొరకకపోతే నడిచి వచ్చారు. చాలా ఊళ్లలో పొలిమేరలో ముళ్లకంచె వేశారు. తమ ఊరివాళ్లనే స్కూల్లో ఉంచి అన్నం దూరం నుంచి పెట్టారు, వాళ్ల దగ్గరికి పోయి జరం చూసింది ఆశాలే. 2021 మే నెల జ్వర సర్వేలో ఇల్లిల్లూ తిరిగి మందుల కిట్లు ఇచ్చాం.

మారింది ఏమిటంటే, మాస్కు పెట్టుకోమంటే ఇప్పుడు ఎవరూ నవ్వరు. దగ్గు ఉంటే పరీక్ష అడిగేవాళ్లు పెరిగారు. మారనిది జీతం. ఆశాలకు వచ్చేది పనిని బట్టి లెక్క, స్థిర వేతనం 18,000 కావాలన్నది వాళ్ల డిమాండు. చప్పట్లు కొట్టిన రోజు అందరికీ గుర్తుంది.

ఇంతమంది రోగుల మధ్య తిరుగుతారు, మీకు అంటుకోదా?

అంటుకుంటుంది. టీబీ వచ్చిన నర్సులు ఉన్నారు. ఎక్కువ భయం సూదితో. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోతే వేలికి గుచ్చుకుంటుంది. అందుకే హబ్ కట్టర్‌తో అక్కడే కోసేస్తాం. గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, హెచ్ఐవీ రాకుండా మందు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పనిలో చేరగానే వేయించుకోవాలి, కొత్తగా వచ్చిన అమ్మాయిలను మేము మొదట అడిగేది అదే.

దవాఖానకు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు అయినా సరే. "తెల్ల గోలీ, ఎర్ర గోలీ" అంటే మాకు తెలియదు. పిల్లల టీకా కార్డు, ఆధార్, టీబీ అయితే నిక్షయ్ నంబరు. జరం మొదలైన తేదీ క్యాలెండర్ మీద గీసి పెట్టుకోండి. ఫోన్ నంబరు మారితే ఆశమ్మకు చెప్పండి, లేకపోతే రిపోర్టు మెసేజ్ పాత నంబరుకే పోతుంది.